7 టెస్లాలో తీసిన టీఈవై లూప్: సున్నా దగ్గర ముల్లు, పైన ఆగని వాలు

ఫెరైట్_పొర:

అందరికీ నమస్కారం. శాంపిల్ 8 నానోమీటర్ల కోబాల్ట్ ఫెరైట్ పొర, నియోబియం కలిపిన స్ట్రాన్షియం టైటనేట్ (001) మీద పెంచింది. పైన కాపాడే పొర (క్యాప్) లేదు. సాఫ్ట్ ఎక్స్-రే బీమ్‌లైన్‌లో, 7 టెస్లా సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్‌లో, 5 కెల్విన్ దగ్గర ఎక్స్‌ఎంసీడీ తీశాం, అంటే కుడి, ఎడమ వృత్తాకార పోలరైజేషన్ ఎక్స్-రేల అబ్జార్ప్షన్‌లో అయస్కాంతత్వం వల్ల వచ్చే తేడా (డైక్రోయిజం) కొలిచాం. ఫీల్డ్ బీమ్ దిశలోనే ఉంది. డిటెక్షన్ టోటల్ ఎలక్ట్రాన్ యీల్డ్ (టీఈవై), అంటే శాంపిల్ డ్రెయిన్ కరెంట్‌ని ఐ-జీరో మెష్ (శాంపిల్‌కి ముందు బీమ్ బలాన్ని కొలిచే జాలీ) కరెంట్‌తో భాగించడమే.

హిస్టరిసిస్ లూప్ కోసం ఎనర్జీని కోబాల్ట్ ఎల్3 శిఖరం (కోబాల్ట్ ఎక్స్-రేలను బలంగా పీల్చుకునే 'ఎడ్జ్', 778 ఈవీ) దగ్గర ఆపి, ఒకే హెలిసిటీతో (పోలరైజేషన్ తిరిగే దిశ), నిమిషానికి 2 టెస్లా చొప్పున ఫీల్డ్ తిప్పాం. శిఖరం దగ్గర కరెంట్ 1.6 నానోఆంప్. వచ్చిన లూప్‌లో మూడు విషయాలు మింగుడు పడటం లేదు.

మొదటిది, సున్నా ఫీల్డ్ చుట్టూ ప్లస్ మైనస్ 0.1 టెస్లా లోపల కిందికి దిగే పదునైన ముల్లు. ఎడ్జ్ కన్నా ముందు, 770 ఈవీ దగ్గర తీసినా అది అలాగే ఉంది, కాబట్టి కోబాల్ట్ మాగ్నెటైజేషన్ కాదని తెలుస్తోంది. నార్మల్ ఇన్సిడెన్స్‌లో దాని లోతు 8 శాతం. శాంపిల్‌ని 60 డిగ్రీలు తిప్పితే 25 శాతం అవుతోంది, పైగా ఈసారి కిందికి కాదు, పైకి లేస్తోంది.

రెండోది, లూప్ మూసుకున్నాక కూడా సిగ్నల్ చదును కావడం లేదు. 2 నుంచి 7 టెస్లాకు వెళ్లేసరికి డైక్రోయిక్ భాగం ఇంకో 12 శాతం పెరుగుతోంది.

మూడోది, 5 టెస్లా దగ్గర కూడా పైకి వెళ్లే శాఖకీ కిందికి వచ్చే శాఖకీ మధ్య మొత్తం కరెంట్‌లో ఒక శాతం గ్యాప్ ఉంది. అంత పెద్ద ఫీల్డ్‌లో ఈ పదార్థానికి నిజంగా హిస్టరిసిస్ ఉంటుందా? ఇందులో ఏది శాంపిల్‌ది, ఏది పరికరానిది?


పీకోఆంప్:

ముల్లు గురించి నేను చెబుతాను. గ్యాప్ సంగతి మాగ్నెట్ తెలిసినవాళ్లు చెప్పాలి.

టీఈవైలో మనం లెక్కపెట్టేది శాంపిల్‌ని వదిలి, తిరిగి రాకుండా పోయిన ఎలక్ట్రాన్లను. వాటిలో ఎక్కువ భాగం కొన్ని ఈవీల సెకండరీ ఎలక్ట్రాన్లు. ఫీల్డ్‌లో అవి గీతల చుట్టూ చుట్టుకుంటూ పోతాయి. ఆ చుట్టు వ్యాసార్థం మైక్రోమీటర్లలో కావాలంటే, ఈవీలలో ఉన్న ఎనర్జీకి వర్గమూలం తీసి 3.37తో గుణించి, టెస్లాలో ఉన్న ఫీల్డ్‌తో భాగించండి. 5 ఈవీ ఎలక్ట్రాన్‌కి 1 టెస్లాలో 7.5 మైక్రోమీటర్లు, 7 టెస్లాలో ఒక మైక్రోమీటర్ చిల్లర. అదే 10 మిల్లీటెస్లాలో 0.75 మిల్లీమీటర్, 1 మిల్లీటెస్లాలో 7.5 మిల్లీమీటర్లు. మీ శాంపిల్, హోల్డర్, దాని చుట్టూ ఉన్న కోల్డ్ షీల్డ్ కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే ఉంటాయి కదా. చుట్టు వ్యాసార్థం ఆ కొలతలకు సమానమయ్యే చోటే ఎలక్ట్రాన్ల దారి మారిపోతుంది. 0.1 టెస్లా దాటాక అన్నీ ఫీల్డ్ గీతలకు కట్టేసినట్టే. మీ ముల్లు వెడల్పు ప్లస్ మైనస్ 0.1 టెస్లా ఎందుకైందో ఇదే కారణం. శాంపిల్ మార్చినా అది అక్కడే ఉంటుంది. హోల్డర్ మారిస్తే మాత్రం ఆకారం మారుతుంది.

దిశ ఎందుకు తిరగబడింది? నార్మల్ ఇన్సిడెన్స్‌లో ఫీల్డ్ గీతలు ఉపరితలానికి నిలువుగా ఉంటాయి. బయటికి వచ్చిన ఎలక్ట్రాన్ గీత పట్టుకుని దూరంగా వెళ్లిపోతుంది, వెనక్కి రాదు. సున్నా ఫీల్డ్‌లో అలా దారి చూపేది లేదు. నిదానంగా వచ్చినవాటిని చుట్టుపక్కల లోహాల కాంటాక్ట్ పొటెన్షియల్ వెనక్కి నెడుతుంది, షీల్డ్ గోడల్లో పుట్టిన ఎలక్ట్రాన్లు కూడా వచ్చి శాంపిల్ మీద పడతాయి. కాబట్టి సున్నా దగ్గర కరెంట్ తగ్గుతుంది. 60 డిగ్రీల దగ్గర గీతలు ఉపరితలానికి వాలుగా ఉంటాయి. ఎలక్ట్రాన్ ఒక్క చుట్టు పూర్తి చేసేలోపే చాలాసార్లు మళ్లీ ఉపరితలాన్నే గుద్దుకుంటుంది. అంటే ఫీల్డ్ ఉన్నప్పుడే నష్టం, సున్నా దగ్గర లాభం. అందుకే ముల్లు పైకి లేచింది.

చేయాల్సింది ఇదీ. ప్రతి హెలిసిటీకీ రెండు లూప్‌లు తీయండి: ఎల్3 శిఖరం దగ్గర ఒకటి, 770 దగ్గర ఒకటి. ఒకే ఫీల్డ్ విలువ దగ్గర, ఒకే శాఖ మీద ఉన్న శిఖరం విలువను ప్రీ-ఎడ్జ్ విలువతో భాగించండి. ప్లస్ హెలిసిటీకి వచ్చిన భాగఫలం ఏ, మైనస్‌కి వచ్చింది బీ అనుకుంటే, మాగ్నెటైజేషన్‌కి అనుపాతంలో ఉండేది ఏ మైనస్ బీ, దాన్ని ఏ ప్లస్ బీ మైనస్ 2తో భాగించగా వచ్చేది. ఎలక్ట్రాన్ దారి వల్ల వచ్చే మార్పు ఎనర్జీతో సంబంధం లేని గుణకం అనే ఊహ మీద ఇది నిలబడింది. 770కీ 778కీ మధ్య ఆ ఊహ బాగానే పనిచేస్తుంది. అయినా ప్లస్ మైనస్ 20 మిల్లీటెస్లా లోపల కొంత మిగులుతుంది. అక్కడి పాయింట్లు తీసేసి, తీసేశామని పేపర్‌లో రాయండి. మీ కోయర్సివ్ ఫీల్డ్ (మాగ్నెటైజేషన్‌ని సున్నాకి తెచ్చే ఎదురు ఫీల్డ్) దానికన్నా చాలా పెద్దదైతే పోయేదేమీ లేదు.

ఇప్పటికే ఉన్న డేటాతో ఒక చవకైన పరీక్ష కూడా చేయవచ్చు. ఎలక్ట్రాన్ దారి ప్రభావం ఫీల్డ్ గుర్తు మార్చినా దాదాపు మారదు, మాగ్నెటైజేషన్ గుర్తు మారుస్తుంది. కాబట్టి ఒక ప్లస్ ఫీల్డ్ దగ్గర పైకి వెళ్లే శాఖ విలువలోంచి, అంతే మైనస్ ఫీల్డ్ దగ్గర కిందికి వచ్చే శాఖ విలువ తీసేసి సగం చేయండి. ఆ బేసి భాగంలో మీ 12 శాతం వాలు ఎంత మిగిలిందో చూడండి. ఎక్స్ఛేంజ్ బయాస్ (లూప్ మొత్తం ఒక పక్కకి జరగడం) ఉన్న శాంపిల్‌కి మాత్రం ఇది వాడకూడదు.

శాంపిల్‌కి నెగటివ్ బయాస్ ఇస్తే ముల్లు చిన్నదవుతుంది. కాని డ్రెయిన్ కరెంట్ లైన్‌లోనే బయాస్ పెడుతున్నారని మరిచిపోకండి. 45 వోల్టుల బ్యాటరీ పెట్టి, ఇన్సులేషన్ నిరోధం 10 గిగా ఓమ్స్ అయితే, లీకేజీ ఒక్కటే 4.5 నానోఆంప్. మీ సిగ్నల్‌కి మూడు రెట్లు.

ఐ-జీరో మెష్ సంగతి కూడా చూడండి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ ఆ దొంగ ఐ-జీరోనే. మాగ్నెట్ స్ట్రే ఫీల్డ్ మెష్ దగ్గర కొన్ని మిల్లీటెస్లా ఉన్నా చాలు, మెష్ యీల్డ్ కూడా ఫీల్డ్‌తో మారుతుంది. ఎనర్జీ కదపకుండా, శాంపిల్‌ని బీమ్ లోంచి తీసేసి, ఐ-జీరోని మాత్రం ఫీల్డ్‌తో గీయండి. చదునైన గీత రాకపోతే అసలు కథ అక్కడే మొదలైంది.


హీలియం_మట్టం:

గ్యాప్ గురించి. ముందు అది అడ్డంగా జరిగిందా, నిలువుగా జరిగిందా అని విడదీయాలి.

అడ్డంగా జరిగితే అది ఫీల్డ్ రీడింగ్ ఆలస్యం. నిమిషానికి 2 టెస్లా అంటే సెకనుకు 33 మిల్లీటెస్లా. పవర్ సప్లై చెప్పే విలువకీ డేటా ఫైల్‌లో పడే విలువకీ మధ్య ఒక సెకను తేడా ఉంటే, రెండు శాఖల మధ్య 66 మిల్లీటెస్లా దొంగ కోయర్సివిటీ వస్తుంది. పారామాగ్నెట్ పెట్టినా లూప్ తెరుచుకుంటుంది! కాని మీ వాలు 5 టెస్లా దగ్గర చాలా చిన్నది. అక్కడ 66 మిల్లీటెస్లా అడ్డంగా జరిపినా నిలువుగా కనిపించే తేడా 0.2 శాతం కూడా రాదు. ఒక శాతం గ్యాప్‌కి ఇది కారణం కాదు.

నిలువుగా జరిగితే అది కరెంట్‌లో కలిసిన ఆఫ్‌సెట్. మారుతున్న ఫీల్డ్ తీగల చుట్టలో వోల్టేజీ పుట్టిస్తుంది. సెకనుకు 33 మిల్లీటెస్లా, ఒక చదరపు సెంటీమీటర్ చుట్ట అనుకుంటే 3.3 మైక్రోవోల్టులు. చుట్ట తెరిచి ఉంటే ఏమీ కాదు. శాంపిల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఎక్కడైనా లీకేజీ దారి ఉంటే చుట్ట మూసుకుని కరెంట్ పారుతుంది. ర్యాంప్ దిశ మారితే ఆ కరెంట్ గుర్తు మారుతుంది, కాబట్టి అచ్చం హిస్టరిసిస్‌లా కనిపిస్తుంది. 1.6 నానోఆంప్‌లో ఒక శాతం 16 పీకోఆంప్, అంటే ఒక్కో దిశలో 8. 3.3 మైక్రోవోల్టులని 8 పీకోఆంప్‌తో భాగిస్తే 0.4 మెగా ఓమ్స్. మీ శాంపిల్ లైన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య అలాంటి దారి ఒకటి ఉందని నా అనుమానం. అక్కడ ఉండాల్సింది గిగా ఓమ్స్, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది.

పరీక్ష తేలిక. బీమ్ షట్టర్ మూసి, అదే వేగంతో 4 నుంచి 6 టెస్లా వరకు ఎక్కించి దించండి, కరెంట్ రాసుకోండి. తర్వాత వేగం సగం చేయండి. ఆఫ్‌సెట్ కూడా సగమైతే అనుమానం తీరినట్టే. దాన్ని ఐ-జీరోతో గాని ప్రీ-ఎడ్జ్‌తో గాని భాగించే ముందే తీసేయాలి. భాగించాక తీయడం కుదరదు.

ఇంకో మూడు సంగతులు. సూపర్‌కండక్టింగ్ కాయిల్‌లో ఫ్లక్స్ చిక్కుకుంటుంది. 7 టెస్లా నుంచి సున్నాకి వచ్చాక సప్లై సున్నా అని చూపినా లోపల కొన్ని మిల్లీటెస్లా మిగిలి ఉంటుంది. మీ ఫెరైట్‌కి ఇది లెక్కలోది కాదు గాని, మెత్తని అయస్కాంత పొరలకు దీనివల్ల లూప్ తలకిందులుగా కూడా కనిపిస్తుంది. నిజమైన సున్నా కావాలంటే ఫీల్డ్‌ని ప్లస్ మైనస్‌లుగా తగ్గిస్తూ రండి, లేదా పర్మలాయ్ ముక్కని పక్కన పెట్టి దాని లూప్ మధ్యబిందువుతో సరిచూసుకోండి.

హోల్డర్ స్క్రూలు చూడండి. 304 స్టెయిన్‌లెస్ స్టీల్‌ని కోత పెట్టినా వంచినా కొంత అయస్కాంతమవుతుంది. నికెల్ పూత ఉన్న కనెక్టర్ పిన్నులు కూడా అంతే. పొడవాటి మానిప్యులేటర్ చివర అలాంటిది ఉంటే, ఫీల్డ్ ఎక్కుతుంటే శాంపిల్ పదుల మైక్రోమీటర్లు జరుగుతుంది. బీమ్ మచ్చ చిన్నదై, పొర ఒకేలా లేకపోతే అది కూడా 'వాలు' అవుతుంది. ఆక్సిజన్ లేని రాగి, మాలిబ్డినం, టైటానియం, బెరిలియం కాపర్ వాడండి.

ఉష్ణోగ్రత: సెన్సర్ 5 కెల్విన్ అంటే శాంపిల్ 5 కెల్విన్ అని కాదు. బీమ్ వచ్చే కంతలోంచి గది వేడి కూడా లోపలికి వస్తుంది. కార్బన్ టేప్‌తో అంటించి ఉంటే తేడా ఇంకా పెరుగుతుంది. ఇండియం గాని టాంటలం క్లిప్పులు గాని మేలు. అసలు ఉష్ణోగ్రత తెలియాలంటే గడోలినియం 3 ప్లస్ ఉన్న పారామాగ్నెట్ పెట్టి ఎం5 ఎడ్జ్ దగ్గర లూప్ తీయండి. ఆర్బిటల్ మొమెంట్ లేదు, స్పిన్ 7/2, కాబట్టి నేరుగా బ్రిల్వాన్ ఫంక్షన్ (పారామాగ్నెట్ మాగ్నెటైజేషన్ ఫీల్డ్, ఉష్ణోగ్రతలతో ఎలా మారుతుందో చెప్పే సూత్రం). 1 టెస్లా దగ్గర 2 కెల్విన్‌లో సంతృప్త విలువలో 71 శాతం వస్తుంది, 5 కెల్విన్‌లో 37 శాతమే. 7 టెస్లా దగ్గర మాత్రం 2 కెల్విన్‌కీ 5 కెల్విన్‌కీ తేడా 5 శాతమే, అక్కడ చూసి లాభం లేదు.

చల్లబరిచే వరుస కూడా ముఖ్యమే. ముందు షీల్డ్, తర్వాత శాంపిల్. తిరగేస్తే ఛాంబర్‌లోని నీరంతా వచ్చి శాంపిల్ మీదే గడ్డకడుతుంది. టీఈవై చూసేది పైనున్న కొన్ని నానోమీటర్లనే కాబట్టి సిగ్నల్ గంటగంటకీ తగ్గుతుంది.


ఫెరైట్_పొర:

ఇద్దరికీ ధన్యవాదాలు. షట్టర్ మూసి తీస్తే ప్లస్ మైనస్ 8 పీకోఆంప్ కనిపించింది, వేగం సగం చేస్తే 4 అయింది. మల్టీమీటర్‌తో చూస్తే శాంపిల్ నుంచి గ్రౌండ్‌కి 0.4 మెగా ఓమ్స్. థర్మోకపుల్ తీగ ఇన్సులేషన్ ఒక చోట నలిగి ఉంది. ఆఫ్‌సెట్ తీసేశాక గ్యాప్ పోయింది.

బేసి భాగం తీస్తే వాలు 12 నుంచి 7 శాతానికి దిగింది. ఆ 7 శాతం నిజమేనా? ఇంకో ప్రశ్న: ఎక్స్‌ఎంసీడీ ఇంటిగ్రల్ ఎల్2 తర్వాత సున్నాకి దగ్గరగా రావడం లేదు. ఎల్3 తర్వాత ఉన్న విలువలో 80 శాతం దగ్గరే నిలిచిపోతోంది. బ్యాక్‌గ్రౌండ్ తప్పా?


క్యూ_బై_పీ:

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. తప్పు ఉండక్కర్లేదు. ఇంటిగ్రల్‌ని బలవంతంగా సున్నాకి తెచ్చే బ్యాక్‌గ్రౌండ్ గీయకండి, ఆర్బిటల్ మొమెంట్‌ని చేజేతులా చెరిపేసినట్టవుతుంది.

ఎల్3 వరకు డైక్రోయిజం ఇంటిగ్రల్ పీ, ఎల్2 కూడా కలిపితే క్యూ అనుకుంటే, ఆర్బిటల్ మొమెంట్‌కీ ప్రభావిత స్పిన్ మొమెంట్‌కీ నిష్పత్తి: 2 క్యూ, భాగించబడేది 9 పీ మైనస్ 6 క్యూతో. ఇంటిగ్రల్స్ నుంచి మొమెంట్లు లెక్కించే ఈ సూత్రాలనే సమ్ రూల్స్ అంటారు: ఆర్బిటల్ సమ్ రూల్ 1992లో, స్పిన్ సమ్ రూల్ 1993లో వచ్చాయి. 1995లో ఇనుము, కోబాల్ట్ పలుచటి పొరల మీద ట్రాన్స్‌మిషన్‌లో వాటిని సరిచూశారు. ఈ నిష్పత్తిలో ఉన్న అందం ఏమిటంటే హోల్స్ (3డీలో ఖాళీగా ఉన్న స్థానాలు) సంఖ్య, పోలరైజేషన్ శాతం, మొత్తం అబ్జార్ప్షన్ ఇంటిగ్రల్ మూడూ ఎగిరిపోతాయి. సాధారణంగా మనకి సరిగ్గా తెలియనివి ఆ మూడే.

క్యూ బై పీ 0.35 అయితే నిష్పత్తి 0.1, కోబాల్ట్ లోహంలో చూసేది ఆ చుట్టుపక్కలే. మీ 0.8కి నిష్పత్తి 0.38. ఆక్టాహెడ్రల్ స్థానంలో (చుట్టూ ఆరు ఆక్సిజన్లు) ఉన్న కోబాల్ట్ 2 ప్లస్‌కి ఆర్బిటల్ మొమెంట్ పూర్తిగా అణగదు, కాబట్టి ఇంత పెద్దది రావడం సహజమే. ఎల్2 చిన్నదిగా కనిపించడమే దాని గుర్తు. కాని ఈ ప్రాంతంలో నిష్పత్తి చాలా సున్నితం: క్యూ బై పీ 0.80 బదులు 0.85 అయితే 0.38 కాస్తా 0.44 అవుతుంది. కాబట్టి స్కాన్ 800 ఈవీ దగ్గర ఆపకండి, 760 నుంచి 830 వరకు తీయండి. ఎల్2 తోక చదునైందని కళ్లతో చూడండి.

విడివిడిగా మొమెంట్లు కావాలంటే అబ్జార్ప్షన్ ఇంటిగ్రల్ తప్పదు. ఎల్3 దగ్గర మూడింట రెండు వంతులు, ఎల్2 దగ్గర మూడింట ఒక వంతు ఎత్తున్న మెట్లు తీసేయాలి. స్పిన్ రూల్‌కి ఎల్3, ఎల్2 కలిసిపోకూడదు. కోబాల్ట్‌లో ఆ దూరం 15 ఈవీ, లోపం చిన్నదే. మాంగనీస్ 2 ప్లస్‌కి వచ్చేసరికి సుమారు 1.5తో గుణించాల్సి వస్తుంది. వెనేడియం, టైటానియంలకు స్పిన్ రూల్ వాడకపోవడమే మర్యాద. ఇక స్పిన్ రూల్‌లో కలిసి వచ్చే డైపోల్ పదం (స్పిన్ సాంద్రత గుండ్రంగా లేకపోవడం వల్ల వచ్చేది) ఉంది. ఫీల్డ్, బీమ్ రెండూ ఉపరితల లంబానికి 54.7 డిగ్రీల వాలులో ఉండి, మొమెంట్ పూర్తిగా ఫీల్డ్ వెంటే తిరిగి ఉంటే అది సున్నా అవుతుంది. కఠిన దిశలో కూడా మొమెంట్‌ని ఫీల్డ్ వెంట తిప్పగలగడమే పెద్ద మాగ్నెట్ ఇచ్చే అసలు లాభం. స్పిన్-ఆర్బిట్ బలంగా ఉన్న కోబాల్ట్ 2 ప్లస్‌కి ఇది కూడా పూర్తి పరిష్కారం కాదు.

ఇప్పుడు 7 శాతం వాలు. కోబాల్ట్ ఫెరైట్ పొరల్లో ఇది నిజమే కావచ్చు. స్పైనెల్ పొర పెరిగేటప్పుడు వేర్వేరు చోట్ల మొదలైన దీవులు స్ఫటిక అమరికలో సగం మెట్టు తేడాతో కలిస్తే, ఆ అతుకుల దగ్గర యాంటీఫేజ్ బౌండరీలు ఏర్పడతాయి. వాటి పక్కనున్న స్పిన్లని బలమైన యాంటీఫెర్రోమాగ్నెటిక్ బంధం వంచి ఉంచుతుంది, 7 టెస్లా కూడా వాటిని పూర్తిగా తిప్పలేదు. రెండో అనుమానితుడు ఉపరితలం మీదో సబ్‌స్ట్రేట్‌లోకి ఇంకిపోయో ఉన్న ఒంటరి కోబాల్ట్ అయాన్లు, పారామాగ్నెట్‌లా. రెండింటినీ ఉష్ణోగ్రత విడదీస్తుంది. 5, 50, 300 కెల్విన్ దగ్గర లూప్‌లు తీయండి. పారామాగ్నెట్ వాలు 50 కెల్విన్‌కే బాగా తగ్గిపోతుంది. యాంటీఫేజ్ బౌండరీ వాలు పెద్దగా మారదు, ఎందుకంటే క్యూరీ ఉష్ణోగ్రత 790 కెల్విన్ దరిదాపుల్లో ఉంది, ఆ బంధం అంత బలమైనది.

ఇనుము ఎల్3 దగ్గర కూడా లూప్ తీయండి. అక్కడ ఎక్స్‌ఎంసీడీలో ఆక్టాహెడ్రల్ శిఖరం ఒక గుర్తుతో, టెట్రాహెడ్రల్ (చుట్టూ నాలుగు ఆక్సిజన్లు) శిఖరం వ్యతిరేక గుర్తుతో, సుమారు 1 ఈవీ దూరంలో ఉంటాయి. ఒక్కో దాని మీద లూప్ తీసి 2 టెస్లా విలువతో నార్మలైజ్ చేయండి. రెండూ ఒకదానిపై ఒకటి కూర్చుంటే రెండు సబ్‌లాటిస్‌లూ (ఆ రెండు రకాల స్థానాల్లోని అయాన్ల గుంపులు) కలిసే తిరుగుతున్నాయి. విడిపోతే ఒకదానిలో స్పిన్లు ఎక్కువ వంగి ఉన్నట్టు. శిఖరాలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి కాబట్టి ఏదీ శుద్ధమైన ఒక స్థానం లూప్ కాదు, అది గుర్తుంచుకోండి.

ముల్లు గొడవ వద్దనుకుంటే ఫ్లోరెసెన్స్‌లో కూడా తీసుకోవచ్చు, ఫోటాన్లకు ఫీల్డ్‌తో పని లేదు.


పీకోఆంప్:

చివరి వాక్యంతో మాత్రం నేను ఏకీభవించను. లూప్ ఆకారం కోసమైతే ఫ్లోరెసెన్స్ సరే. సమ్ రూల్స్ కోసం మాత్రం వద్దు. 3డీ లోహాల ఎల్ ఎడ్జ్ దగ్గర ఫ్లోరెసెన్స్ యీల్డ్ అబ్జార్ప్షన్‌కి అనుపాతంలో ఉండదు. సెల్ఫ్-అబ్జార్ప్షన్ ఒకవైపు, ఏ మధ్యస్థ స్థితి నుంచి ఎంత వెలుగు వస్తుందన్నది స్థితి స్థితికీ మారడం ఇంకోవైపు. ఎల్3, ఎల్2 నిష్పత్తి పాడైతే క్యూ ముందుగా పాడవుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్‌లా వెలుగు విరజిమ్మే సబ్‌స్ట్రేట్ ఉంటే దాని వెనక ఫోటోడయోడ్ పెట్టి ట్రాన్స్‌మిషన్‌కి సమానమైనది తీయవచ్చు. నియోబియం కలిపిన స్ట్రాన్షియం టైటనేట్‌తో ఆ దారి లేదు.

టీఈవైలోనూ 60 డిగ్రీల దగ్గర సాచురేషన్ (శిఖరం అసలు ఎత్తు కన్నా తక్కువగా నమోదవడం) చూసుకోండి. లోహాల్లో ఎల్3 శిఖరం దగ్గర ఎక్స్-రే చొచ్చుకుపోయే లోతు సుమారు 20 నానోమీటర్లు, ఎలక్ట్రాన్ బయటపడే లోతు 2 నుంచి 3. బీమ్ వాలుగా వస్తే ఆ లోతు సగమై, శిఖరం నొక్కుకుపోతుంది. ఫెరైట్‌లో కోబాల్ట్ మూడో వంతు కేటయానే కాబట్టి మీకు ప్రభావం తక్కువ. ఇనుము ఎడ్జ్ దగ్గర అంతకన్నా ఎక్కువ.


నాలుగు_స్కాన్లు:

హెలిసిటీ తిప్పాలా ఫీల్డ్ తిప్పాలా అన్నది ఎవరూ ఎత్తలేదు. రెండూ తిప్పాలి. అండ్యులేటర్‌లో (ఎక్స్-రేలు పుట్టించే అయస్కాంతాల వరుస) హెలిసిటీ మార్చినప్పుడు ఎనర్జీ 50 మిల్లీ ఈవీ జరిగినా, ఎల్3 వాలు ఒక ఈవీలో లేస్తుంది కాబట్టి ఎడ్జ్ ఎత్తులో 5 శాతం దాకా దొంగ డైక్రోయిజం వస్తుంది, డెరివేటివ్ ఆకారంలో. ఫీల్డ్ తిప్పినప్పుడు అది గుర్తు మారదు, అసలు ఎక్స్‌ఎంసీడీ మారుతుంది. ప్లస్ 7, మైనస్ 7 టెస్లాల దగ్గర విడివిడిగా తేడాలు తీసి, ఒకదాని గుర్తు మార్చి సగటు చేస్తే దొంగ పోతుంది.

ఒక్కో ఫీల్డ్ దగ్గర వరుస: ప్లస్, మైనస్, మైనస్, ప్లస్, తర్వాత తిరగేసి మైనస్, ప్లస్, ప్లస్, మైనస్. సమయంతో నెమ్మదిగా జరిగే డ్రిఫ్ట్ ఇందులో రద్దవుతుంది. మొదటి స్కాన్‌నీ చివరి స్కాన్‌నీ ఒకదాని మీద ఒకటి గీసి చూడండి, బీమ్ దెబ్బ ఉంటే అక్కడ బయటపడుతుంది. ఫెరైట్ తట్టుకుంటుంది, మాలిక్యులర్ మాగ్నెట్లు తట్టుకోవు. మాంగనీస్-12 అనే మాలిక్యులర్ మాగ్నెట్‌లో మాంగనీస్ 3 ప్లస్ కాస్తా 2 ప్లస్ అవడం బాగా తెలిసిన సంగతే. అలాంటి వాటికి బీమ్‌ని డీఫోకస్ చేసి, ఫ్లక్స్ తగ్గించాలి.

సమయం లెక్క కూడా వేసుకోండి. మైనస్ 7 నుంచి ప్లస్ 7కి వెళ్లి తిరిగి రావడం 28 టెస్లా, నిమిషానికి రెండు చొప్పున 14 నిమిషాలు. రెండు ఎనర్జీలు, రెండు హెలిసిటీలు అంటే 56 నిమిషాలు, ఒక ఉష్ణోగ్రతకి, ఒక కోణానికి. మూడు ఉష్ణోగ్రతలు, రెండు కోణాలు, రెండు మూలకాలు అంటే 11 గంటలకు పైనే, అంటే ఒక షిఫ్ట్ దాటిపోతుంది. సున్నా చుట్టూ వివరం అక్కర్లేని చోట 1 నుంచి 7 టెస్లా వరకు ఒక్క శాఖ చాలు. ఆ శాఖ ప్లస్ వైపు ఒకటి, మైనస్ వైపు ఒకటి తీయండి, బేసి భాగం దక్కుతుంది.

ఫీల్డ్, బీమ్ కోణాలు వేరుగా కావాలంటే వెక్టర్ మాగ్నెట్ (ఫీల్డ్ దిశని తిప్పగలిగేది) ఉన్న సింక్రోట్రాన్‌కి దరఖాస్తు చేయండి. సోలెయి డీమోస్‌లోనూ, స్విస్ లైట్ సోర్స్ ఎక్స్-ట్రీమ్‌లోనూ బీమ్ వెంట 7 టెస్లా, అడ్డంగా 2 టెస్లా ఉన్నాయి. ఈఎస్‌ఆర్‌ఎఫ్ ఐడీ32లో 9, 4. బీమ్ వెంట 14 టెస్లా కావాలంటే డైమండ్ ఐ10. స్ప్రింగ్-8లో పల్స్ మాగ్నెట్‌తో 40 టెస్లా వరకు సాఫ్ట్ ఎక్స్‌ఎంసీడీ చేశారు. కాని అక్కడ ప్రతి పల్స్‌కీ కొన్ని మిల్లీసెకన్లే, ఒక్కో ఎనర్జీ పాయింట్‌కీ మాగ్నెట్ మళ్లీ చల్లబడేదాకా ఆగాలి.


ఫెరైట్_పొర:

చాలా ఉపయోగపడింది. ఒక్క చిన్న సందేహం: తర్వాతి శాంపిల్ ఇదే పొర, బేరియం టైటనేట్ మీద. పద్ధతిలో ఏమైనా మార్చాలా?


క్యూ_బై_పీ:

మార్చాలి. బేరియం ఎం5 781 ఈవీ దగ్గర, ఎం4 796 దగ్గర వస్తాయి. కోబాల్ట్ ఎల్3 778, ఎల్2 793. దాదాపు ఒకదాని మీద ఒకటి! 8 నానోమీటర్ల కింద నుంచి టీఈవైలో బేరియం సిగ్నల్ తక్కువే వస్తుంది గాని ఎం5 చాలా పదునైన గీత, పొరలో కంతలుంటే బయటికి పొడుచుకొస్తుంది. బేరియం అయస్కాంతం కాదు కాబట్టి తేడా స్పెక్ట్రమ్ చెక్కుచెదరదు, పీ, క్యూ, వాటి నిష్పత్తి అన్నీ వాడుకోవచ్చు. మొత్తం అబ్జార్ప్షన్ ఇంటిగ్రల్ మాత్రం పాడవుతుంది. విడివిడి మొమెంట్లు కావాలంటే పొర లేని బేరియం టైటనేట్ ముక్కని కూడా అదే హోల్డర్ మీద పెట్టి, 770 నుంచి 830 వరకు తీసుకుని, స్కేల్ చేసి తీసేయండి. ఇనుము ఎడ్జ్ దగ్గర ఈ గొడవ లేదు. లూప్‌లో 770 ఈవీ ప్రీ-ఎడ్జ్ పాయింట్‌కి కూడా ఇబ్బంది లేదు, బేరియం అక్కడ ఇంకా మొదలవదు.